అద్దంలోంచి నడిచిపోయిన లాయరమ్మ

మా చిన్నాయన కొడుకు కడపలో బట్టల షాపు పెట్టినాడు. షాపు అంటే వానికి కోపమొస్తుంది, మాల్ అనాల. పులివెందుల పక్క పల్లెలో చీనీ, అదే బత్తాయి తోటలు చూసుకుంటా ఉన్నోడు, బోర్లు ఎండిపోయినాక తుమ్మలపల్లె యురేనియం గనుల దగ్గర టిప్పర్లు తిప్పినాడు. ఆ తర్వాత కాంట్రాక్టులు. ఆ తర్వాత ఫ్లెక్సీల మీద నాయకుల పక్కన చేతులు జోడించి నిలబడడం. అవన్నీ అయినాక ఈ మాల్. మూడంతస్తులు, ముందర పక్కంతా అద్దం.

కడప ఎండ ఎట్లుంటుందో కడపోళ్ళకు చెప్పాల్సిన పనిలేదు. కాకులు కూడా గోడవార నీడ వెతుక్కునే ఊర్లో, పడమటి ఎండకు ఎదురుగా నిలువెత్తు అద్దం నిలబెట్టినాడు. వెలుతురు కోసమని అద్దం. అద్దం వల్ల లోపల పొయ్యి మాదిరి వేడి. వేడికి ఏసీలు. ఏసీలు చాలక అద్దానికి లోపలి నుంచి మందపాటి తెరలు. తెరల వల్ల చీకటి. చీకటికి పట్టపగలే లైట్లు. "ఏమప్పా, ఇంతకూ గోడ కట్టుకునింటే సరిపోయేది గదా" అని ఒకసారి అడిగితే, గోడ కడితే పల్లెటూరి యాపారమనుకుంటారని చెప్పినాడు.

నేను కడప కోర్టులో ప్రాక్టీసు చేస్తాను. గట్టు తగాదాలు, భాగ పరిష్కారాలు, చెల్లని చెక్కులు, ఇవే నా కేసులు. మా వంశంలో పని పడినప్పుడు నన్ను లాయరమ్మ అంటారు, పని అయిపోయినాక దానికేం తెలుసు అంటారు. మాల్ కట్టేటప్పుడు మా తమ్మునికి నాతో పని ఉండింది, స్థలం కాగితాలు చూసిపెట్టాల్సి వచ్చింది. అందుకని కట్టుబడి జరిగే చోటికి నేను అప్పుడప్పుడు పోతా వస్తా ఉండినాను.

వానికి రావాల్సిన పేరు వానికి ఇయ్యాల. మొదట్లో తలుపులకూ, తలుపుల పక్క పలకలకూ టఫన్ గ్లాసే తెప్పించినాడు. అద్దాన్ని బాగా కాల్చి, ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరుస్తారు, దాన్నే అట్లంటారు. ప్లాను పాసు కావాలంటే అది పెట్టాలని ఇంజనీరు చెప్పినాడంట. ప్రతి పలక మూలనా చిన్న ముద్ర ఉండింది. మా తమ్ముడు దాన్ని పిడికిలితో గుద్ది చూపించి, గుద్దుక్కా, నువ్వూ గుద్దు అని నన్ను బలవంతం పెట్టినాడు.

పలకలు బిగించేలోపల సిద్ధాంతి వచ్చినాడు. నందికొట్కూరు నుంచి ఏసీ కారులో దిగి, సెల్‌ఫోన్లో దిక్సూచి పెట్టుకుని, కట్టడం చుట్టూ తిరిగి, ద్వారం ఉండాల్సిన చోట లేదన్నాడు. ఉత్తరానికి ఒక మూర జరగాల, వెడల్పు కూడా పెరగాల, లేకపోతే వచ్చిన లక్ష్మి వచ్చినట్టే నిలబడకుండా పోతుందని చెప్పినాడు. ఇంజనీరు ఒక స్తంభం గురించి ఎంత చెప్పినా చెవిన పెట్టని మా తమ్ముడు, సిద్ధాంతి కారు సందు దాటకముందే సుత్తెలోళ్ళను పిలిపించినాడు.

ద్వారం జరిగింది. ఇప్పుడు తెచ్చిన అద్దాలు ఒక్కటీ సరిపోవు. వాటిని కోద్దామంటే కుదరదు, గట్టిపరచిన అద్దానికి కోతముల్లు తగిలితే చాలు, మొత్తం పొడిపొడి అయిపోతుంది. కొత్త కొలతలకు మళ్ళా చేయించాలంటే ముహూర్తం దాటిపోతుంది. ముహూర్తం సిద్ధాంతి పెట్టింది, పైగా ఆ రోజుకు ఒక నాయకుడు వస్తానని మాటిచ్చినాడు. అందుకని ఊర్లోనే ఫోటోలకు ఫ్రేములు కట్టే అంగడి నుంచి మామూలు అద్దం తెచ్చి, అక్కడే నేల మీద పరిచి, బొప్పాయి పండు కోసినట్టు కోసి బిగించేసినారు. ఇదంతా నాకు మా తమ్ముడే చెప్పినాడు, దాచిపెట్టి కాదు, తన తెలివికి మురిసిపోతా చెప్పినాడు.

మిగిలిపోయిన టఫన్ పలకలు వృథా పోలేదు. ఒకటి వాళ్ళింట్లో భోజనాల బల్ల మీదికి పోయింది, ఒకటి టీవీ కిందికి, ఒకటి పెరట్లో బట్టలుతికే మిషను మీదికి. ఆ ఇంట్లో పప్పు గిన్నెకు దక్కిన భద్రత మాల్‌కు వచ్చే జనానికి దక్కలేదు.

ప్రారంభోత్సవం రోజు పొద్దున్నే పట్టుచీర కట్టుకుని పోయినాను. అసలు ద్వారానికి రెండు పక్కలా అరటి చెట్లు నిలబెట్టి, పైనుంచి కిందిదాకా బంతిపూల మాలలు వేలాడదీసి, దాని ముందర మేళం వాళ్ళు, మేళం ముందర కెమెరాలవాళ్ళు. చూసినోనికి అది పూలగోడ అనిపిస్తుందేగానీ ద్వారమని తట్టదు. దాని పక్కన ఉన్న నిలువెత్తు అద్దం పలకకు మాత్రం ఏ అలంకారమూ లేదు. దాన్ని పొద్దుటి నుంచి ఇద్దరాడోళ్ళు తడి పేపర్లతో రుద్ది రుద్ది, ఉందా లేదా అన్నట్టు చేసిపెట్టినారు. దాని మీద ఒక రంగు పట్టీ అంటిస్తే బాగుంటుందని ఎవరో అంటే, డెకరేషన్ అతను ఒప్పుకోలేదంట. అద్దం ఉన్నట్టే తెలియకూడదు, అదే దాని అందం అన్నాడంట.

లోపల మా తమ్ముని తల్లి, మా చిన్నమ్మ, నిలబడి, నన్ను చూసి, రా రా అని చెయ్యి ఊపింది. నేను నేరుగా ఆమె దగ్గరికి నడిచినాను.

మొదట ఏం జరిగిందో తెలియలేదు. నుదుటికి ఏదో చల్లగా తగిలింది. తర్వాత చప్పుడు. నేను చెయ్యి అడ్డం పెట్టుకునేసరికి ముక్కలు చుట్టూ దిగినాయి. మామూలు అద్దం చిన్న ముక్కలుగా రాలదు. కొసలు తేలి, మూరెడు మూరెడు పొడుగు కత్తులై పడుతుంది. నేను ఆగిపోయినాక, ఇంక అయిపోయిందనుకున్నాక, పై చట్రంలో ఇరుక్కున్న ముక్క ఒకటి నిదానంగా జారి ముంజేతి మీదుగా దిగింది. సీమ అంటే వేటకొడవళ్ళు తప్ప ఇంకేం తెలియనోళ్ళు దేశం నిండా ఉన్నారు. నేను ఇన్నేళ్ళుగా కడప కోర్టులో పనిచేస్తా ఒక్క వేటకొడవలినీ కంటితో చూడలేదు. నా ఒంటి మీద మొదటి వేటు చీరల షాపులో పడింది.

మేళం వాళ్ళు అటు తిరిగి ఉన్నందువల్ల వాయిస్తానే ఉన్నారు. ఎడమ చేతి నుంచి, మోకాలి పైనుంచి నెత్తురు కారుతోంది. కొత్త గ్రానైటు మీద అది ఎంత ఎర్రగా కనపడిందో నాకింకా గుర్తుంది. నాయకుడు కారు దిగి, ఎవరాయమ్మ అని అడిగినాడు. ఓనరు అక్క అని చెప్పినారు. అయ్యో, తొందరగా ఆసుపత్రికి తీసుకుపోండప్పా అన్నాడు. అని, ముక్కల్ని దాటుకుని పోయి రిబ్బన్ కత్తిరించినాడు. ఆ ఫోటోలో ఒక మూల నా చెప్పు పడింది.

మా చిన్నమ్మ ఏడుస్తా నా చేతికి తన కొంగు చుట్టింది. ఆమె వెనకనే మా మేనత్త ఉంది, ఆమె మాటకు మా వాళ్ళలో ఎదురు లేదు. ఆమె నన్నూ, కింద పడిన నెత్తుటినీ, పగిలిన అద్దాన్నీ మార్చి మార్చి చూసి, నిదానంగా చెప్పింది.

"ఏడవాకండి. దిష్టంతా దీంతో పాయ. అద్దం పగిలింది, ఆడబిడ్డ నెత్తురు పడింది. ఇంగ ఈ షాపుకు తిరుగుండదు."

అప్పటిదాకా పాలిపోయిన మా తమ్ముని ముఖం వెలిగింది. ఆ వెలుగు నేను కారులో పడుకోని పోతా కూడా చూసినాను. దిష్టి గుమ్మడికాయ విడిగా తెచ్చిపెట్టుకుని ఉన్నారు, దాన్ని కూడా కొట్టినారంట. పొదుపు చేసే వంశం కాదు మాది.

ఆసుపత్రిలో కుట్లు వేసిన డాక్టరు మంచివాడు. ఇంకొంచెం లోతుకు దిగి ఉంటే వేళ్ళు కదిలించే నరం తెగేదని చెప్పినాడు. చెప్పి, చెయ్యి కడుక్కోవడానికి పోతా, వాళ్ళ గది అద్దం తలుపుకు తనే భుజం తగిలించుకున్నాడు. దాని మీద తొయ్యండి అని అంటించిన కాగితం సగం ఊడిపోయి ఉంది.

ఇంటికొచ్చినాక చూడడానికి వచ్చిన చుట్టాలంతా పండ్లు తెచ్చినారు, సలహాలు తెచ్చినారు. చూసుకుని నడవొద్దా అన్నారు. కోర్టు కాగితాలు చదివి చదివి కళ్ళు పోయుంటాయన్నారు. మా ఆయన మంచి మనిషే, ఆయన కూడా కళ్ళ డాక్టరుకు టోకెను తీసుకున్నాడు. పోయి చూపించుకున్నాను. కళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయన్నారు. నా కళ్ళు బాగున్నందుకే కదా అద్దం అవతల ఉన్న చిన్నమ్మ అంత స్పష్టంగా కనపడింది. మసకగా ఉండి ఉంటే తలుపు తడుముకుని పోయేదాన్ని. ఇది చెప్తే ఎవరికీ నచ్చలేదు. అద్దానికి తప్పుండదు, తగిలినోళ్ళకే ఉంటుంది, అదీ మా ఊరి న్యాయం.

కుడిచెయ్యి బాగుంది కాబట్టి మంచం మీద కూర్చుని నియమాలు తీసి చదివినాను. దేశానికంతా కలిపి ఒక భవన నిర్మాణ నియమావళి ఉంది. అందులో అద్దాలకని విడిగా ఒక భాగమే ఉంది. తలుపుల్లో, తలుపుల పక్క పలకల్లో, తలుపని పొరబడే వీలున్న ఏ అద్దంలోనైనా, నేలకు దగ్గరగా మనిషి తగిలే చోటల్లా భద్రత అద్దమే వాడాల. అంటే పగిలితే పేలాల మాదిరి రాలిపోయే టఫన్ గ్లాసు, లేకపోతే రెండు పలకల నడుమ ప్లాస్టిక్ పొర అతికించిన లామినేటెడ్ గ్లాసు. లామినేటెడ్ పగిలినా ఆ పొరను కరచుకునే ఉంటుంది. పలక మూలన చెరగని ముద్ర ఉండాల. పెద్ద పలకకు మనిషి కంటి ఎత్తున ఒక గుర్తు ఉండాల. నేను ఏ పలకలోంచి నడిచిపోయినానో, ఆ పలకను చూసి రాసినట్టే ఉంది.

అయితే ఆ నియమావళి తనంతట తాను చట్టం కాదు. రాష్ట్రం తన నిబంధనల్లో దాన్ని పాటించండి అని రాసుకుంటే చట్టమవుతుంది. రాసుకున్నాక కూడా, చూసే అధికారి చూస్తే అది చట్టం, చూడకపోతే సలహా. మన దేశంలో ఊరికే దొరికే సలహాకు ఎంత విలువుందో అందరికీ తెలుసు.

కుట్లు విప్పినాక మాల్‌కు పోయినాను. పగిలిన పలక చోట కొత్తది మెరుస్తా ఉంది. మూలన ముద్ర కోసం వంగి చూసినాను. లేదు. మళ్ళా అదే ఫ్రేముల అంగడి అద్దం. మా తమ్ముడు నాకు కూల్‌డ్రింకు తెప్పించి, గౌరవంగా కూర్చోబెట్టినాడు. నేను నియమం సంగతంతా వానికి అర్థమయ్యేట్టు చెప్పినాను. వాడు శ్రద్ధగా విన్నాడు.

"అక్కా, నువ్వు చెప్పేది నిజమే. కానీ ఒకతూరి నీకు తగిలి పగిలిపాయ గదా. మళ్ళా ఏంటికి తగుల్తాది?"

"నాకు తగల్దప్పా. ఇంకోళ్ళకు తగుల్తాది. పసిబిడ్డ తగిలితే ముక్క యాడ దిగుతాదో తెలుసునా నీకు?"

"ఈ రోడ్డులో ఇన్ని షాపులుండాయి. ఎవురు పెట్టినారో చెప్పు, నేనూ పెడతా."

బయటికొచ్చి రోడ్డు పొడుగునా చూసుకుంటా నడిచినాను. నిజంగానే ఆ రోడ్డులో ఎవరూ పెట్టలేదు. ఇదొక్కటే మా ఊరి యాపారస్తులంతా కలిసికట్టుగా పాటించే నియమం.

మున్సిపాలిటీ ఆఫీసుకు పోయినాను. అక్కడి అధికారి చాలా మర్యాదస్తుడు. ఫైలు తెప్పించి చూసి, ద్వారం దగ్గర టఫన్ గ్లాసే వాడినట్టు ఇంజనీరు సంతకం ఉంది మేడం అన్నాడు. సంతకం తర్వాత ద్వారం జరిగిందని చెప్పినాను. ప్లానులో జరగలేదు మేడం అన్నాడు. కాబట్టి ఆ మాల్‌లో మామూలు అద్దం లేదు, లేని అద్దం పగలదు, పగలని అద్దం మీ చెయ్యి కోయదు. నేను కోటు చెయ్యి పైకి మడిచి కుట్ల గుర్తులు చూపించినాను. ఆయన బాధపడినాడు. రాసివ్వండి, వచ్చి చూస్తానన్నాడు. రాసిచ్చినాను. అన్నట్టుగానే వచ్చినాడు, భార్యను తోడు తీసుకుని. మధ్యాహ్నమంతా ధర్మవరం పట్టు సెక్షన్లోనే తనిఖీ చేసినారని మాల్‌లో పనిచేసే వాళ్ళు చెప్పినారు. అద్దాలు సంతృప్తికరంగా ఉన్నాయని నాకు జవాబొచ్చింది.

ఇంక నోటీసు ఇద్దామనుకున్నాను. ఆ మాట ఎట్ల పొక్కిందో, మా చిన్నమ్మ పల్లె నుంచి బస్సెక్కి వచ్చి, వంటింట్లో పీట వేసుకుని కూర్చుని ఏడ్చింది. నెత్తురు పంచుకుని పుట్టినోని మీద కేసేస్తావామ్మా అని అడిగింది.

"పంచుకునింది యాడ చిన్నమ్మా. పంచింది నేనొక్కదాన్నే గదా" అన్నాను.

ఆమె ఏడుపు మధ్యలో నవ్వింది. నవ్వినాక మళ్ళా ఏడ్చింది. మా అమ్మ పోయినాక నాకు తలకు పోసి జడేసిన మనిషి ఆమె. నోటీసు కాగితం టైపు మిషన్లోనే ఉండిపోయింది.

ఈ లోపల మాల్ యాపారం బాగా నడవడం మొదలుపెట్టింది. పెళ్ళిళ్ళ కాలం, కొత్త షాపు, నడవక ఏం చేస్తుంది. కానీ మా వాళ్ళలో దాని కారణం నేనే అని స్థిరపడిపోయింది. మహానంది దారిలో యాత్రికుల కోసం లాడ్జి కడుతున్న ఒక దూరపు చుట్టం ఫోన్ చేసి, అందరికంటే ముందు నువ్వే లోపల కాలు పెట్టాల అని బతిమాలినాడు. అద్దాలు ఉన్నాయా అని అడిగినాను. శానా ఉండాయక్కా, ముందరంతా అద్దమే అని సంతోషంగా చెప్పినాడు. నేను పోలేదు. వాడు బాధపడినాడు.

ఇట్ల కాదని, ఒక ఆదివారం బస్సెక్కి నందికొట్కూరుకు పోయినాను. సిద్ధాంతి ఇల్లు సులభంగానే దొరికింది. నన్ను ఇల్లు కట్టుకునే గిరాకీ అనుకుని మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టినాడు. నేను ఎవరో చెప్పినాను. నేను వకీలునని కూడా చెప్పినాను. చెయ్యి బల్ల మీద పెట్టినాను, మచ్చ ఆయనకు బాగా కనపడేట్టు.

స్వామీ, మీరు ద్వారం జరపమన్నందుకు గట్టి అద్దం పోయి కోసే అద్దం వచ్చింది, అది నన్ను ఇట్ల చేసింది, శాస్త్రంలో దీనికేమన్నా ఉందా అని అడిగినాను. ఆయన బల్ల మీది పంచాంగం మూసి పక్కన పెట్టినాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగినాడు.

"కేసేమన్నా వేస్తాండారా తల్లీ?"

"ఇంకా ఆలోచన చేస్తాండా స్వామీ. వేస్తే ఓనరు పేరు రాయాల. ఇంజనీరు పేరు రాయాల. ద్వారం ఏంటికి జరిగిందని జడ్జి అడుగుతాడు, అప్పుడు జరపమన్నోళ్ళ పేరు కూడా రాయాల్సొస్తాది."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. గ్రహాలను చూస్తున్నాడో, కోర్టు మెట్లను చూస్తున్నాడో నాకు తెలియదు. కళ్ళు తెరిచి, అద్దాలకు ఏమేం నియమాలున్నాయో నాతో చెప్పించుకుని, మీరు నిశ్చింతగా పోయిరండి తల్లీ అన్నాడు. బస్సులో తిరిగొస్తా ఉంటే నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. చదివిన చట్టమంతా పనికిరాకుండా పోయి, ఆయన భయం ఒక్కటి పనికొచ్చింది కదా అని.

మరుసటి రోజే ఆయన మా తమ్మునికి ఫోన్ చేసినాడు. ద్వారం పక్క అద్దంలో శూలదోషం ఉందన్నాడు. శూలాలై పగిలే అద్దం ఓనరు ఆయుష్షుకు మంచిది కాదు, ముత్యాలై రాలే అద్దం పెట్టాల, మూలన ముద్ర లేనిది శుభం కాదు, కంటి ఎత్తున వరసగా స్వస్తిక్ గుర్తులు ఉండాల అన్నాడు. నియమావళిలో పేజీలకు పేజీలు ఉన్నదాన్ని ఒక్క ఊపిరిలో చెప్పేసినాడు. నేను కోర్టులో ఎన్నడూ అంత చక్కగా వాదించలేదు.

మా తమ్ముడు ఆ రోజే కొత్త కొలతలు పంపించినాడు. అద్దాలు వచ్చేదాకా ఆ ద్వారం దగ్గర కుర్చీ వేయించి, పెద్దాయన ఒకరిని కాపలా పెట్టినాడు. కొత్త పలకలు బిగించినాక నన్ను పిలిచి చూపించినాడు. మూలన ముద్ర ఉంది. కంటి ఎత్తున పసుపుపచ్చ స్వస్తిక్‌లు ఉన్నాయి. వాటిని చూసి జనం పక్కకు తిరిగి, అసలు తలుపులోంచే పోతున్నారు. చూసినావాక్కా, సిద్ధాంతి చెప్పినాక గానీ తెలీలా అన్నాడు. బాగుందప్పా అన్నాను. ఇంకేం అంటాను.

ఆ మాట ఊర్లో పాకింది. ఇప్పుడు ఆ రోడ్డులోనే ఒక నగల షాపు, ఒక స్వీట్ల అంగడి శూలదోష నివారణ చేయించుకున్నాయి. సిద్ధాంతి కారు కడపకు తరచుగా వస్తోంది. మున్సిపాలిటీ ఇన్నేళ్ళుగా చేయలేని పనిని ఆయన ఊరూరా చేస్తున్నాడు. ఆయనకు జీతం ఎవరు ఇవ్వాలో ప్రభుత్వం ఆలోచించుకోవాల.

అయితే ఆయన చెప్పింది ద్వారం వరకే. పై అంతస్తులో, మెట్ల చుట్టూ ఉండే అద్దం రెయిలింగ్ ఇంకా ఆ పాత మామూలు అద్దందే. దాని మీద చేతులానించి ఆడోళ్ళు కిందికి చూస్తుంటారు, పిల్లోళ్ళు ముక్కులు ఆనిస్తారు. అక్కడ పొర అతికించిన అద్దమే ఉండాలని మా తమ్మునికి చెప్పినాను. దోషం కింద ఉండింది గదక్కా, పైన ఏం ల్యా అన్నాడు.

పోయిన వారం ఒక పెళ్ళికి చీరలు తీసుకోవడానికి పోయినప్పుడు, జనం ఆ రెయిలింగ్ దగ్గరికి పోకుండా నేనే స్టూళ్ళు జరిపి వరసగా అడ్డం పెట్టించినాను. అమ్మే పిల్లలు నవ్వుతా సాయం పట్టినారు. చీరలు తీసుకుని మెట్లు దిగి, బిల్లు దగ్గర నిలబడి తలెత్తి చూస్తే, మేనేజరు ఒక్కొక్క స్టూలే తీసి మళ్ళా యథాస్థానంలో పెడుతున్నాడు. పెట్టినాక, అద్దం మీద పడిన వేలిముద్రలను జేబురుమాలుతో తుడిచినాడు.